తెప్పకాడులో తల్లి లేని గున్నలు

మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. ఊరికి ఆనుకొని మాకు రెండున్నర ఎకరాల చేను ఉంది. అందులో వేరుశనగ వేస్తాము. మా వైపు దానినే చెనక్కాయ అంటాము. కాయ ఊరే రోజుల్లో అడవి పందులు ఒక్క రాత్రిలో సగం చేను తవ్వి పోతాయి. ఆపైన ఏనుగులు. 1980ల నుండి తమిళనాడు, కర్నాటక అడవుల నుండి అవి మా కొండల్లోకి రావడం మొదలైంది. 1990లో వాటి కోసమే కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. కానీ ఏనుగుకు అభయారణ్యం హద్దు రాయి ఎక్కడుందో ఎవరు చెబుతారు?

2024 సంక్రాంతికి మా తమ్ముడు ఇంటికి వచ్చి, "అన్నా, ఈసారి మోటారు షెడ్డు నుండి ఒక తీగ లాగేస్తాను. మన రెండు చేలకూ సరిపోతుంది. నువ్వు ఊ అను చాలు" అన్నాడు. నేను ఊ అనలేదు, ఉహూ అని కూడా అనలేదు. "మైసూరు పోయి వచ్చాక మాట్లాడుదాంలే" అని దాటవేశాను. ఎందుకు దాటవేశానో చివర చెబుతాను.

మా అబ్బాయి మైసూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగ అయ్యాక నేను, మా ఇంటావిడ అక్కడికి వెళ్ళాము. మనుమరాలికి ఆరేళ్ళు. "తాతా, ఏనుగులను చూద్దాం పద" అని రెండు రోజులు ఒకటే పోరు. "ఏనుగులను చూడాలంటే ఇంత దూరం రావాలా? మన చేలోకే వస్తాయి గదా!" అని నవ్వాను. చివరికి ఆ పాప మాటే నెగ్గింది. ఒక శనివారం తెల్లవారుజామున అందరమూ కారులో బయలుదేరాము.

అడవి దారి

మైసూరు నుండి ఊటీ దారిలో నంజనగూడు దాటి గుండ్లుపేట చేరేసరికి ఎండ వచ్చింది. అక్కడి నుండి బందీపూర్ అడవి మొదలవుతుంది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఈ దారిలో వాహనాలను పోనివ్వరు. చీకట్లో లారీల కింద పడి జింకలు, ఇతర జంతువులు చనిపోతున్నాయని 2009 నుండి ఈ కట్టడి పెట్టారు. "మనుషులకు కర్ఫ్యూ, జంతువులకు స్వేచ్ఛ" అన్నాడు మా అబ్బాయి. నాకు ఆ మాట నచ్చింది.

కర్నాటక దాటి తమిళనాడులో ప్రవేశించగానే అడవి పేరు మారుతుంది, అడవి మారదు. ఇక్కడ దానిని ముదుమలై అంటారు. 1940లోనే అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 2007 నుండి పులుల రిజర్వుగా ఉన్నది. కొంత దూరం పోగానే మోయార్ నది మీద వంతెన, దాని పక్కనే తెప్పకాడు. ఇక్కడి నుండి ఒక దారి గూడలూరుకు, మరొకటి మసినగుడి మీదుగా ఊటీకి పోతాయి. ఈ నది ఒడ్డునే ఏనుగుల శిబిరం ఉంది. వందేళ్ళకు పైబడిన శిబిరమిది. ఒకప్పుడు అడవిలో నరికిన దుంగలను లాగడానికి ఏనుగులను ఇక్కడ పెంచేవారు. దుంగల పని ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఏనుగులు అడవిలో గస్తీ తిరుగుతాయి, ఊళ్ళ మీదికి వచ్చే అడవి ఏనుగులను వెనక్కు మళ్ళిస్తాయి. ఆ పని నేర్చిన ఏనుగులనే కుంకీలు అంటారు.

మన సంగటే వాటికీ

ఏనుగులకు మేత పెట్టే వేళకు మేము అక్కడికి చేరాము. గట్టు మీద వరుసగా ముద్దలు పేర్చి ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే రాగి సంగటి! ఒక్కో ముద్ద మా ఇంట్లో నలుగురికి సరిపోతుంది. రాగి ముద్ద, ఉడికించిన ఉలవలు, అన్నం, బెల్లం, ఉప్పు, కొబ్బరి, చెరుకు ముక్కలు. వయసును, బరువును బట్టి ఏ ఏనుగుకు ఎంత పెట్టాలో పశువైద్యుడు రాసి ఇస్తాడట. మావటి ముద్దను రెండు చేతులతో ఎత్తి నేరుగా నోట్లో పెడుతుంటే, ఏనుగు చిన్నపిల్లలాగా నోరు తెరచి అందుకుంటున్నది.

మా ఇంటావిడ చాలాసేపు చూచి, "ఏమండీ, సంగటి, ఉలవలు, చెనక్కాయ మనకు ఇష్టమైనవే గదా వాటికీ ఇష్టం! ఇంక అవి మన చేలోకి రాక ఎక్కడికి పోతాయి?" అన్నది. ఇంతకాలం ఏనుగును చేను పాడుచేసే దొంగగానే చూచిన నాకు, అది ఆకలిగొన్న అతిథిగా కనబడడం అదే మొదటిసారి.

అక్కడ పనిచేసే మావటులు, వారికి సహాయంగా ఉండే కవాడీలు ఎక్కువగా ఈ అడవిలో పుట్టిన కురుంబ, ఇరుల, కాట్టునాయకన్ తెగల వారు. వారిలో ఒక పెద్దాయన మా పక్కన చెట్టు నీడలో కూర్చున్నాడు. మాది సరిహద్దు ప్రాంతం కాబట్టి తమిళం కొంత వచ్చు. నేనే పలుకరించాను.

"అయ్యా, సినిమాలో చూపించిన గున్నలు ఇక్కడివేనా?"

"ఇక్కడివే. వచ్చినవాళ్ళందరూ మొదట అడిగేది అదే" అని నవ్వాడు. తరువాత కొంచెం దూరంలో ఉన్న ఒక దొడ్డిని చూపించాడు. మా నడుముల కంటే లావైన దుంగలతో కట్టిన దొడ్డి. ఖాళీగా ఉంది. "పాలు తాగే పిల్ల వస్తే ఇలాంటి చోట పెడతాము. ఇప్పుడు ఎవరూ లేరు. లేకపోవడమే మంచిది సారూ" అన్నాడు.

ఆ చివరి మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

రఘు కథ

ఆ సినిమా పేరు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. సుమారు 40 నిమిషాల డాక్యుమెంటరీ. కార్తికి గొన్సాల్వెస్ తీసిన ఈ చిత్రానికి 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అందులో ఉన్నది ఈ శిబిరంలో పనిచేసిన బొమ్మన్, బెళ్లి అనే కాట్టునాయకన్ దంపతుల కథ, వారు పెంచిన రఘు, అమ్ము అనే రెండు గున్నల కథ.

రఘు 2017లో హోసూరు అటవీ ప్రాంతం నుండి వచ్చాడు. తల్లి కరెంటు తగిలి చనిపోయింది. మందకు దూరమైన ఆ పసివాడు ఒళ్ళంతా గాయాలతో, కుక్కలు కరిచిన తోకతో, నిలబడలేని స్థితిలో దొరికాడు. బతుకుతాడని ఎవరికీ నమ్మకం లేదు. బొమ్మన్‌కు, బెళ్లికి అప్పగించారు. బెళ్లి అప్పటికే తన కూతురును పోగొట్టుకున్న తల్లి. ఆమె ఏడుస్తుంటే రఘు తొండంతో కన్నీళ్ళు తుడిచేవాడని ఆమే ఆ చిత్రంలో చెబుతుంది. తల్లి లేని బిడ్డ, బిడ్డ లేని తల్లి ఒకరినొకరు ఆదుకున్నారు. తరువాత అమ్ము అనే చిన్న ఆడ గున్న వచ్చి చేరింది. రఘు పెద్దవాడయ్యాక అతడిని వేరే మావటికి అప్పగించారు. అప్పుడు ఆ దంపతులు పడిన బాధ, అన్న కోసం అమ్ము పడిన దిగులు చూస్తే మన ఇంట్లో ఆడపిల్లను అత్తవారింటికి పంపిన రోజు గుర్తుకు వస్తుంది. 2023లోనే తమిళనాడు ప్రభుత్వం బెళ్లిని శిబిరంలో తాత్కాలిక కవాడిగా నియమించింది.

హోసూరు మా ఊరికి పరాయి దేశం కాదు. మా కొండల్లోకి వచ్చే ఏనుగులు ఆ వైపు నుండి వచ్చేవే. రఘు తల్లి ఇంకొక దారి పట్టి ఉంటే మా చేలోకే వచ్చి ఉండేది.

పెంచడమంటే

గున్నను పెంచడం గురించి ఆ పెద్దాయనను అడిగాను. "ఆవుదూడను పెంచినట్లే గదా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దూడ అయితే గడ్డి వేసి కట్టేసి ఇంటికి పోతాము సారూ. దీనిని వదిలి పోలేము. పగలూ రాత్రీ పాలు కలపాలి. రాత్రి పక్కనే పడుకోవాలి. లేచి చూస్తే మనిషి కనబడాలి, లేకపోతే అరుస్తుంది. వాన పడితే చలి, ఎండ కాస్తే చర్మం కమిలిపోతుంది. అడవిలో అయితే తల్లి పొట్ట కింద నీడ ఉంటుంది. ఇక్కడ ఆ నీడ మేమే."

ఏనుగు సుమారు 22 నెలలు గర్భం మోస్తుంది. పుట్టిన గున్న దాదాపు 100 కిలోల బరువుంటుంది. అంత పెద్దదైనా అది పసిబిడ్డే. తొండాన్ని ఎలా వాడుకోవాలో దానికి మొదట తెలియదు. తొండాన్ని పైకి మడిచి నోటితో పాలు తాగుతుంది. రెండేళ్ళ వరకు పాలు లేకుండా బతకడం కష్టం. మందలో తల్లి ఒక్కతే కాదు, పెద్దమ్మలు, పిన్నమ్మలు, అక్కలు, అందరూ కలిసి దానిని చూచుకుంటారు. దారిలో మధ్యన నడిపిస్తారు. బురదలో దిగబడితే తొండాలతో లేపుతారు. ఏ ఆకు తినవచ్చో, ఏ నీరు తాగవచ్చో నేర్పుతారు. తల్లి చనిపోతే గున్న పోగొట్టుకునేది తల్లిని మాత్రమే కాదు, ఒక ఊరంత కుటుంబాన్ని.

అన్నిటికంటే కష్టం పాలు. మనకు దొరికే ఆవుపాలు గున్నకు పడవు. అందులోని కొవ్వు దానికి అరగదు. విరేచనాలు పట్టుకొని రెండు మూడు రోజుల్లో నీరసించి పోతుంది. ఏనుగు తల్లి పాలలో దేవుడు ఏమి కలిపాడో కనిపెట్టడానికి మనుషులకు ఏళ్ళ తరబడి పట్టింది.

ఆ సంగతి మా అబ్బాయి ఇంట్లో ఉన్న ఒక పుస్తకంలో చదివాను. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో డాఫ్నే షెల్డ్రిక్ అనే ఆమె తల్లి లేని గున్నలను పెంచేది. 2012లో ఆమె తన జీవితకథను ప్రచురించింది. మొదట్లో ఆమె తెచ్చిన పాలు తాగే గున్నలు ఒకదాని తరువాత ఒకటి చనిపోయాయి. ఎన్నో రకాలు కలిపి చూచి, చివరకు కొబ్బరినూనె ఉన్న పసిపిల్లల పాలపొడి పడుతుందని తెలుసుకుంది. ఆ పాలతో ఐషా అనే గున్న కొన్ని నెలలు చక్కగా పెరిగింది. అంతలో కూతురి పెళ్ళి వచ్చింది. డాఫ్నే ఐషాను ఇంకొకరికి అప్పగించి కొద్ది రోజులు ఊరికి వెళ్ళింది. ఆమె కనబడకపోయేసరికి ఐషా పాలు ముట్టడం మానేసింది. ఆ దిగులుతోనే చనిపోయింది.

పాలు దొరికినా ప్రేమ దూరమైతే ఆ బిడ్డ బతకలేదు. ఆ దెబ్బతో డాఫ్నే ఒక నియమం పెట్టుకుంది. ఏ గున్ననూ ఒక్క మనిషికే అలవాటు చేయకూడదు. కాపరులు మారుతూ అందరూ ప్రేమించాలి. నైరోబీలో ఆమె భర్త పేరున 1977లో ప్రారంభమైన సంస్థలో ఇప్పటికీ కాపరులు వంతులవారీగా గున్నల పక్కనే రాత్రులు పడుకుంటారు. మూడు గంటలకొకసారి సీసాతో పాలు పడతారు. ఒక దుప్పటిని వేలాడదీస్తే, గున్న తల్లి పొట్టకు ఆనుకున్నట్లు దానికి తొండం ఆనించి పాలు తాగుతుంది. డాఫ్నే 2018లో కన్నుమూసింది. అప్పటికి రెండు వందలకు పైగా గున్నలు ఆ చేతుల మీద పెరిగాయి.

ఖాళీ దొడ్డి

ఇక ఆ పెద్దాయన అన్న మాటకు వస్తాను. పాలు తాగే పిల్ల లేకపోవడమే మంచిదని ఎందుకన్నాడు?

2023 మార్చి 7న తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఒక రైతు పొలం చుట్టూ అక్రమంగా పెట్టిన కరెంటు తీగ తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. వాటితో వచ్చిన రెండు గున్నలు మాత్రం తప్పించుకున్నాయి. తప్పించుకొని ఎక్కడికి పోతాయి? పడిపోయిన పెద్దవాటి చుట్టూ తిరుగుతూ అక్కడే ఉండిపోయాయి. ఆ వార్త పేపర్లలో మీలో కొందరు చదివే ఉంటారు.

అదే నెలలో అదే జిల్లాలో ఇంకొక చిన్న గున్న మంద నుండి తప్పిపోయి బావిలో పడింది. దాని వయసు నాలుగైదు నెలలు మాత్రమే. పైకి తీశారు. మందతో కలపాలని చూచారు, కుదరలేదు. చివరకు తెప్పకాడుకు తెచ్చి బొమ్మన్‌కు, బెళ్లికి అప్పగించారు. వారి చిత్రానికి ప్రపంచమంతా చప్పట్లు కొడుతున్న రోజులవి. ఆ దంపతుల కంటే అనుభవం ఉన్న చేతులు ఎక్కడ ఉన్నాయి? పశువైద్యులు కూడా పక్కనే ఉన్నారు. అయినా పాలు అరగక, విరేచనాలతో నీరసించి ఆ గున్న నెలాఖరులోనే చనిపోయింది.

సినిమాలో రఘును చూచి మనం చప్పట్లు కొట్టాము. కానీ ఒక రఘు బతికితే, బతకని గున్నలు ఎన్నో ఉంటాయి. వాటి మీద ఎవరూ సినిమా తీయరు.

బతికిన వాటి సంగతి కూడా ఆలోచించాలి. కెన్యాలో పెంచిన గున్నలను మెల్లమెల్లగా త్సావో అడవికి అలవాటు చేసి అక్కడి మందల్లో కలుపుతారు. దానికి ఏళ్ళు పడుతుంది. మన వైపు శిబిరాల్లో పెరిగినవి ఎక్కువగా శిబిరంలోనే ఉండిపోతాయి. కడుపునిండా సంగటి ఉంటుంది, ప్రేమించే మావటి ఉంటాడు, కానీ కాలికి గొలుసు కూడా ఉంటుంది. అడవికి పుట్టిన బిడ్డ అడవి ఎదుటే నిలబడి, దానిలోకి తనంతట తాను పోలేదు. ఇది మావటుల తప్పు కాదు. వారు చేయగలిగింది ప్రాణం పెట్టి చేస్తున్నారు. వారి దగ్గరికి ఆ పిల్లను పంపినవాడిదే తప్పు.

మేము బయలుదేరేటప్పుడు మనుమరాలు ఆ ఖాళీ దొడ్డి దగ్గర ఆగి, "తాతా, ఇందులో ఉండే పాప ఎక్కడికి పోయింది?" అని అడిగింది. మా ఇంటావిడ నా ముఖం వైపు చూచింది. నేను తల తిప్పుకున్నాను.

నా తీగ

తమ్ముడి మాటకు ఎందుకు జవాబు చెప్పలేకపోయానో ఇప్పుడు చెబుతాను.

చాలా సంవత్సరాల క్రితం నేనే తీగ పెట్టాను. మోటారు షెడ్డులో స్టార్టరు నుండి కనెక్షను ఇచ్చి, చేను చుట్టూ మోకాలి ఎత్తున బైండింగ్ వైరు లాగాను. పందుల కోసమే. ఊళ్ళో నలుగురూ చేసేదే గదా అనుకున్నాను. ఒక రాత్రి తీగ పెట్టి ఇంటికి వచ్చాను. తెల్లవారి పోయి చూస్తే మా ఇంటి కుక్క తీగ పక్కన పడి ఉంది. రాత్రి నా వెనుకే చేనికి వచ్చి, నేను ఇంటికి వచ్చేసినా అది అక్కడే కాపలా ఉండిపోయిందన్నమాట. మా ఇంటావిడ ఏమీ తిట్టలేదు. "అదే మన పిల్లవాడైతే?" అని ఒక్క మాట అడిగింది. ఆ రోజే తీగ చుట్టి అటక మీద పెట్టాను. కానీ ఈ సంగతి తమ్ముడికి కూడా చెప్పలేదు. కుక్క పాము కరిచి చనిపోయిందని చెప్పాను. అందుకే పండుగ రోజు నా నోట మాట రాలేదు.

మైసూరు నుండి వచ్చిన మరునాడు తమ్ముడిని పిలిచి ఈ కథంతా చెప్పాను. కుక్క సంగతి, రఘు సంగతి, ఖాళీ దొడ్డి సంగతి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి చేను ఎవరు కాస్తారన్నా? పంట పోతే ఎవరు పెడతారు?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పకుండా ఏనుగులను ప్రేమించమని రైతుకు బోధిస్తే ఎవరు వింటారు?

మేమిద్దరం పోయి అటవీ రేంజి ఆఫీసులో అడిగాము. పంట నష్టానికి దరఖాస్తు ఎలా పెట్టాలో, ఫొటోలు, పాసు పుస్తకం ఎలా జతచేయాలో చెప్పారు. తరువాత సోలార్ కంచె చూచి వచ్చాము. దానిలో కరెంటు ఉంటుంది కానీ, సెకనుకు ఒక్కసారి, రెప్పపాటులో వెయ్యో వంతు సేపు కొట్టి వదిలేస్తుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కు పోతుంది, చనిపోదు. మోటారు లైను నుండి నేరుగా ఇచ్చిన కరెంటు అలా వదలదు, పట్టుకుంటుంది. ఆ తీగ పందికీ, ఏనుగుకూ, రాత్రి మోటారు వేయడానికి పోయే మన బిడ్డకూ తేడా చూడదు. ఏనుగును చంపితే వన్యప్రాణి చట్టం ప్రకారం 3 నుండి 7 ఏళ్ళ జైలు ఉందని కూడా అక్కడే విన్నాము. తమ్ముడు, నేను, పక్క చేను ఆయన ముగ్గురం కలిసి డబ్బు వేసుకొని ఒక సోలార్ కంచె పెట్టాము. పందులు పూర్తిగా రాకుండా పోయాయని చెప్పను. కొంత నష్టం ఇంకా ఉన్నది. కానీ రాత్రి నిద్ర పడుతున్నది.

అడవి అంచున ఉండే మా వంటి కుటుంబాలకు ఇంకొక్క మాట. ఎప్పుడైనా ఒంటరి గున్న మీ కంట పడితే దాని చుట్టూ గుంపు కట్టవద్దు. ముద్దు వస్తుందని తాకవద్దు, ఫొటోల కోసం తరమవద్దు. జాలిపడి ఆవుపాలు పట్టవద్దు, ఆ జాలే దానికి విషమవుతుంది. దూరంగా ఉండి అటవీ శాఖ వారికి వెంటనే కబురు చేయండి. చాలాసార్లు మంద దగ్గరలోనే పొదల వెనుక ఉండి, మనుషులు పోతే పిల్లను తీసుకుపోదామని ఎదురు చూస్తుంటుంది. మనం తప్పుకుంటే తల్లే వచ్చి తీసుకుపోతుంది. తల్లి ఉన్న పిల్లకు మన సీసా అక్కరలేదు.

అటక మీద ఉన్న ఆ పాత తీగను మొన్న కిందికి దించాను. పందిరి మీద బీర తీగ పాకించడానికి కట్టాను. మనుమరాలు వేసవి సెలవులకు వస్తే చూపిస్తాను. అది మొదట ఏ తీగో కూడా చెబుతాను.